ఎడమవైపు వాలిన కుట్టు

పోయినవారం మనం పద్మకుమారిని రంగూన్ ట్రంకుపెట్టె ముందు మోకాళ్ల మీద వదిలిపెట్టి వచ్చేశాం. చేతిలో ఆడవాళ్లు జాకెట్టు లోపల తొడుక్కునే ఒక బాడీ, ముఖంలో ఒక అనుమానం. వారం రోజులు ఒక మనిషిని మోకాళ్ల మీద ఉంచడం మర్యాద కాదు గనక ముందు ఆవిడని పీట మీద కూర్చోబెట్టి, ఆ పెట్టె సంగతి కొత్తగా వచ్చినవాళ్లకి చెప్పి, ముందుకి పోదాం.

ఆ పెట్టె పద్మకుమారి తల్లి లక్ష్మణమ్మది. రంగూన్ మీద బాంబులు పడి, నలభై రెండులో మనవాళ్లంతా కాలినడకన ఇంటిదారి పట్టినప్పుడు, ఆవిడ భర్త నరసింగరావు గారు సామానంతా ఆ పెట్టెలో సర్ది తెలిసినవాళ్లతో ముందే ఓడెక్కించేశారు. పెట్టె చిన్న సొట్ట కూడా పడకుండా విజయనగరం చేరింది. భార్య చేరలేదు. కొండదారుల్లో జ్వరం తగిలి, జనంలో తప్పిపోయి, అక్కడే పోయిందని చెప్పి, ఆయన మూడేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని ఇల్లు చేరారు. ఫొటో కూడా మిగల్లేదు. దండ వెయ్యడానికి గోడమీద ఏదో ఒకటి ఉండాలి గనక, పెట్టెలో దొరికిన పగోడా బొమ్మ కేలండరుకి దండ వేశారు. పద్మకుమారి చిన్నప్పుడు చాలాకాలం తన తల్లి ఒక పగోడా అనుకుంది.

భాద్రపద మాసంలో పెద్దలకి పెట్టుకునే రోజుల్లో నవమి ఒకటి వస్తుంది. అది మొగుడుండగా పోయిన ఆడవాళ్ల రోజు. పోయినావిడ పేరు చెప్పి ఒక ముత్తైదువ చేతిలో నీళ్లు వదిలి, కొత్త చీర కట్టించి, విస్తరి ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టాలి. నరసింగరావు గారింటికి ఆ ముత్తైదువ కొత్తవలస నుంచి వస్తుంది. పేరు కూర్మమ్మ. ఏటా ఆవిడే. పొద్దుటి బండి దిగి, పెట్టె ఉన్న గదిలో తలుపేసుకుని చీర మార్చుకుని, తలొంచుకుని తిని, తాంబూలం పుచ్చుకుని, సాయంత్రం బండికి వెళ్లిపోతుంది. విజయనగరంలో ముత్తైదువలకి కరువొచ్చిందా అని వీధిలో ఎవరో అడిగారట. దూరం నుంచి వచ్చినావిడకి పెడితే పుణ్యం ఎక్కువ అని నరసింగరావు గారు చెప్పారు. మునిసిపాలిటీలో హెడ్డుగుమస్తా చేసి రిటైరైన మనిషి. ఆయన చెప్పిన మాటకి రూలేదో ఉండే ఉంటుందని అందరూ ఊరుకున్నారు.

ఇది అరవై ఎనిమిదో సంవత్సరం నవమి పొద్దు. ఏటా ఈ పూట పెట్టె తెరిచి బట్టలు ఎండలో వేసే పని పద్మకుమారి మేనత్త దాలమ్మది. ఆవిడ కళ్లలో పొరలు ముదిరి, కిందటేడు తమ్ముడి పంచెని లక్ష్మణమ్మ చీర అనుకుని భక్తితో దణ్ణం పెట్టింది. అందుకని ఈ ఏడు తాళం మేనకోడలి చేతికి వచ్చింది.

పద్మకుమారి బాలికల హైస్కూల్లో కుట్టు టీచరు. పెళ్లి కాలేదు. ఆవిడకి సంబంధాలు చూసినవాళ్లంతా చూసి చూసి ముసలివాళ్లయిపోయారు. ఏ బట్ట చేతికొచ్చినా ముందు తిరగేసి చూడ్డం ఆవిడ అలవాటు. పైనుంచి చూస్తే అన్ని బట్టలూ పెద్దమనుషుల్లాగే ఉంటాయని, లోపలి కుట్లు చూస్తేగాని వాటి బతుకు తెలియదని పిల్లలకి చెబుతుంది.

పెట్టెలో అడుగున, చీరల కింద, తువ్వాల్లో చుట్టి ఉన్నాయి బాడీలు. తాళం వేసిన పెట్టెలో కూడా వాటికి తువ్వాలు ఎందుకంటే, ఆ ఇంట్లో పద్ధతి అది. దండెం మీద కూడా అవి చీర కింద, ఆ చీర తువ్వాలు కింద, సగం తడిగానే ఆరేవి. ఇంటిల్లిపాదికీ ఎండ అవసరమే గాని ఆ ఒక్క బట్టకీ అక్కర్లేదని పెద్దలు నిర్ణయించారు. బజార్లో కొన్నా షాపువాడు పేపర్లో చుట్టి, పిస్తోలు అందించినట్టు బల్ల కిందనుంచి అందించేవాడు. దానికి ఇంట్లో పేరు కూడా లేదు. "ఆ సామాను" అనేవారు. దాలమ్మ ఇన్నేళ్లూ ఆ మూట విప్పలేదు. ఎండలో పెట్టి, దులిపి, మళ్లీ పెట్టెలో పెట్టేసేది.

పద్మకుమారి విప్పింది. పైన ఉన్నది సన్నటి మల్లు గుడ్డతో చేసిన బాడీ. సాగే పట్టీ అంటూ ఎక్కడా లేదు. ముందు ముత్యపుచిప్ప గుండీలు. మెడ వెనక, రంగూన్‌లో ఎవరో చైనా దర్జీ కుట్టిన చిన్న పట్టు లేబులు, అక్షరాలు సగం అరిగిపోయాయి. భుజాల దగ్గర పిగిలితే చేత్తో మళ్లీ కుట్టుకున్న గుర్తులు. అది తల్లిదే. దాన్ని కాసేపు ఒళ్లో పెట్టుకుంది.

రెండోది ఆ మొదటిదాని లోపల మడతపెట్టి ఉంది, కాయలో గింజ దాచినట్టు. పోయినవారం ఆవిడ చేతిలో ఉన్నది ఇదే. పట్టుకోగానే వేళ్లకి తేడా తెలిసింది. నూలులో నైలాను కలిసిన గుడ్డ. రంగూన్ మీద బాంబులు పడేనాటికి ఇలాంటి గుడ్డ ఇక్కడ ఎవరి ఒంటిమీదా లేదు. భుజం పట్టీలకి రబ్బరు దారం. ముందుభాగం మీద నత్తగుల్లలాగా చుట్టలు చుట్టలుగా మిషను కుట్టు. అంచులు పోగులు లేవకుండా మిషనే అల్లుకుపోయింది. వెనక పట్టీలో బొంబాయి కంపెనీ లేబులు. దానికింద రబ్బరు ముద్ర, ధర. నాలుగు రూపాయల యాభై, పక్కన "న.పై." అని.

నయా పైసలు. యాభై ఏడులో అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. అప్పుడు పద్మకుమారి ట్రైనింగులో ఉంది. అణాల్లో నేర్చుకున్న లెక్కలన్నీ దండగైపోయాయని హాస్టలంతా ఏడ్చింది. అరవై నాలుగులో "నయా" కూడా పోయి ఉత్త పైసలు మిగిలాయి. అంటే ఈ బట్ట ఆ మధ్యలో తయారైంది. దాన్నెవరో కొని, చాలాకాలం తొడుక్కున్నారు. చంక కింద చెమటకి గుడ్డ మెత్తబడిపోయి, అక్కడ లోపలివైపు మాసిక వేసి ఉంది. ఆ మాసిక ముక్క బొంబాయిది కాదు. పొందూరు ఖద్దరు. ఆ సన్నదనం, చేత్తో వడికిన ఆ నూలు, ఈ చుట్టుపక్కల పుట్టినవాళ్లకి చీకట్లో కూడా తెలుస్తుంది.

ఇంతవరకూ ఎవరిదో అనుకోవచ్చు. తనది కాదు, తన సైజు కాదు. దాలమ్మ జన్మలో అలాంటివి తొడగలేదు. ఎవరో మూటలో పొరపాటున కలిపేసి ఉంటారు. పద్మకుమారి అలాగే అనుకుందామని చూసింది. కాని మాసిక కుట్టు అనుకోనివ్వలేదు.

కుడిచేత్తో అంచు కుట్టేవాళ్ల కుట్లు ఒకవైపు వాలతాయి. క్లాసులో పిల్లలందరివీ అటే. ఇవి అటు వాలలేదు. ఎడమవైపు వాలాయి, గాలికి అటు ఒరిగిన వరిదుబ్బుల్లాగా. ఎడమచేత్తో కుట్టిన కుట్టు. ఆవిడ రంగూన్ బాడీ తీసి దీని పక్కన పెట్టింది. భుజాల దగ్గర ఆ పాత కుట్లు కూడా అలాగే, అంతే దగ్గరగా, ప్రతి వరస చివరా రెండుసార్లు దారం తిప్పి ముడేసి ఉన్నాయి. కోడలు ఎడంసెయ్యి మనిషని, ఆ చేత్తో గరిటె పట్టిందని నాయనమ్మ ఒకసారి అన్నం తినడం మానేసిందని దాలమ్మ చెప్పగా ఎన్నిసార్లో విన్నది.

నలభై రెండులో పోయిన మనిషి యాభై ఏడు తర్వాత బాడీ కొనుక్కుని, చిరిగేదాకా తొడుక్కుని, పొందూరు గుడ్డతో మాసిక వేసుకుంది.

ఇంకొకటి కూడా కనిపించింది. వెనక పట్టీకి ఒక కొక్కెం లేదు. లాగితే ఊడినట్టు లేదు. ఊడితే దారం పీచులేస్తుంది. ఇది కత్తెరతో శుభ్రంగా కోసినట్టుంది. ఎందుకు కోశారో పద్మకుమారికి అర్థం కాలేదు. అర్థం కావలసినది అంతకంటె పెద్దది ముందుంది. కాసేపట్లో ముత్తైదువ చేతిలో నీళ్లు వదిలి, "మా అమ్మ లక్ష్మణమ్మ పోయింది, ఆవిడ పేరున నువ్వు తిను" అని చెప్పవలసింది కూతురే. తల్లి పోయిందో లేదో తెలియకుండా ఆ మాట ఎలా అనడం?

నరసింగరావు గారు హాల్లో ఉన్నారు. ఇస్త్రీ లాల్చీ, కండువా, గొడుగు. కూర్మమ్మని తీసుకురావడానికి స్టేషనుకి బయలుదేరబోతున్నారు. పద్మకుమారి రెండు బాడీలూ తెచ్చి ఆయన ముందున్న బల్లమీద పరిచింది.

ఆయన మొదట వీధి తలుపు మూశారు. తర్వాత పేపరు తీసి బల్లమీద కప్పారు. ఆ తర్వాతే కోపం తెచ్చుకున్నారు.

"తండ్రి ముందర పరిసీ సామానేటి ఇది?"

"సామాను కాదు నాన్నా. అమ్మ బాడీలు. ఒకటి రంగూన్‌ది. రెండోది మొన్నమొన్నటిది."

ఆయన పేపరు వైపు చూస్తూ మాట్లాడారు. పేపర్లో ఎక్కడో వరదలొచ్చిన ఫొటో ఉంది. అది దాలమ్మదై ఉంటుందన్నారు. వంటింట్లోంచి దాలమ్మ, కళ్లు పోయినా చెవులు పోలేదు గనక, అలాటి సిగ్గులేని గుడ్డ తన ఒంటిమీద పడితే ఆ రోజే తనకి తద్దినం పెట్టీమంది. పక్కింటివాళ్లదేమో అన్నారాయన. పక్కింటివాళ్ల బాడీ మన పెట్టెలోకి తాళం తీసుకుని ఎలా వచ్చిందని పద్మకుమారి అడిగింది. ఇలాంటి విషయాలు ఆడపిల్ల తండ్రితో మాట్లాడకూడదని, ఇంగితం ఉండాలని ఆయన అన్నారు. ఆవిడ పేపరు తీసింది. ఆయన కప్పారు. మళ్లీ తీసింది. మళ్లీ కప్పారు.

మూడోసారి తీస్తుండగా పద్మకుమారికి ఒక సంగతి తట్టింది. ఇదే ఒక చెంబో చెప్పో అయితే ఆయన చూసి తీరాలి, చూశాక జవాబు చెప్పి తీరాలి. ఈ ఒక్క వస్తువు మాత్రం ఆ ఇంట్లో మగవాడు చూడ్డు, తాకడు, పేరెత్తడు. దాన్ని పెట్టెలో పెట్టినవాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు.

"సూడొద్దు నాన్నా, ఇను సాలు," అంది. తిట్టినట్టు కాదు, పాఠం చెప్పినట్టు చెప్పింది. ముద్ర గురించి చెప్పింది. నైలాను గురించి, పొందూరు మాసిక గురించి చెప్పింది. చివరికి కుట్టు గురించి చెప్పింది. "రెండింటి మీదా ఒకే సెయ్యి నాన్నా. ఎడంసెయ్యి. ఆవిడ ఎప్పుడు పోయింది?"

నరసింగరావు గారు గొడుగు గోడకి ఆనించి కుర్చీలో కూర్చున్నారు. గొడుగు జారి కింద పడింది. ఆయన తియ్యలేదు. పడిన వస్తువుని తియ్యకుండా ఆయన ఉండగలరని పద్మకుమారికి ఇన్నేళ్లూ తెలియదు.

"వచ్చింది," అన్నారు. "నలభై నాలుగులో. మిట్టమజ్జాన్నం. వీదంతా కునుకు తీస్తన్నాది. వచ్చి ఆ గుమ్మంలో నిలబడ్డాది."

తర్వాతి మాటలు ఆయన ఫైలు చదివినట్టు చెప్పారు, ఎక్కడా ఆగకుండా. జ్వరంతో పడిపోయిన ఆవిడని కొండవాళ్లెవరో గుడిసెలో ఉంచి బతికించారట. యుద్ధం నడుమ దారులు లేక ఊరూరా ఆగి, కూలి చేసుకుంటూ వచ్చిందట. అప్పటికి ఇక్కడ కర్మ అయిపోయింది. చిన్నగా కాదు, ఘనంగా. వీధి వీధంతా వచ్చి అరిసెలు తిని, ఇలాంటి భోజనం ఈమధ్య ఎక్కడా తినలేదని చెప్పి వెళ్లారు. ఊరికి అన్నం పెట్టేసిన చావుని వెనక్కి ఎలా తీసుకోవాలో ఎవరికీ తెలియలేదు. కర్మ చేసినదాన్ని గుమ్మం దాటనిస్తే పిల్లకి అరిష్టం అని నాయనమ్మ అంది. పిల్ల అంటే పద్మకుమారి. లోపల చాపమీద నిద్రపోతోంది.

"మరి నువ్వేటన్నావు నాన్నా?"

"నానేటీ అనలేదు."

గోడమీద పగోడాకి పొద్దున్న వేసిన బంతిపూల దండ ఉంది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పోయిన భార్య మీద అంత ప్రేమ ఎవరికుంటుందని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏటా మానకుండా నవమి పెడతారని చెప్పుకుంటారు. మానేస్తే ఎందుకు మానేశారని అడుగుతారని, అందుకే మానలేదని ఆయన ఇప్పుడు చెప్పారు.

"బతికున్నాదా?" అని అడిగింది.

నరసింగరావు గారు వంగి గొడుగు తీశారు. బండొచ్చే వేళయిందన్నారు. గుమ్మం దాటబోతూ, వెనక్కి తిరగకుండా, "ఆవిడే వద్దన్నాది. పిల్లకి సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నాది" అని వెళ్లిపోయారు.

పద్మకుమారి వంటింట్లోకి వెళ్లింది. దాలమ్మ పొయ్యి ముందు కూర్చుని, మంట లేని వైపు చూస్తూ గరిటె తిప్పుతోంది. నీకూ తెలుసా అత్తా అని అడిగితే, తనకి కళ్లు కనపడవని దాలమ్మ చెప్పింది. కళ్లు బాగున్నప్పటి సంగతి అడుగుతున్నానంది పద్మకుమారి. దాలమ్మ పమిటతో మొహం తుడుచుకుంది. పొగ అంది. పొయ్యిలో పొగ లేదు.

బల్లమీది బాడీలు తీసుకుని మళ్లీ పెట్టె గదిలోకి వచ్చింది. ఈ పెట్టెకి తాళం ఏడాదిలో ఒక్కరోజే తీస్తారు. ఆ ఒక్కరోజు ఈ గదిలో తలుపేసుకునే మనిషి కూడా ఒక్కతే. నాలుగేళ్ల కిందట, దాలమ్మ కళ్లు ఇంకా బాగున్నప్పుడు, ఆ మనిషి తాంబూలం అందుకోబోయి ఎడమచెయ్యి చాచింది. చాచి, వెంటనే వెనక్కి లాక్కుంది. ఎడంచేతి గరిటెకి అన్నేళ్లు కథలు చెప్పిన దాలమ్మ ఆ పూట నోరు మెదపలేదు. అప్పుడది పద్మకుమారికి వింతగా తోచలేదు.

వీధి తలుపు చప్పుడైంది.

కూర్మమ్మ ఎప్పటిలాగే వచ్చింది. పొట్టిమనిషి, సగం నెరిసిన జుట్టు, చేతిలో గుడ్డసంచి. ఎప్పటిలాగే కాళ్లు కడుక్కుని, ఎవరి మొహమూ చూడకుండా గదిలోకి వచ్చి పెట్టె పక్కన నిలబడింది. కొత్తవలసలో కుట్టుపని చేసుకుంటుందని మాత్రం అందరికీ తెలుసు. ఏటా పద్మకుమారి జాకెట్టు చెయ్యి అంచు వేళ్లతో పట్టి చూసి, బాగా కుట్టినావమ్మా అనేది. అంతకుమించి మాట్లాడేది కాదు. నరసింగరావు గారు హాల్లో ఆగిపోయారు. గదివైపు రాలేదు, వీధివైపు పోలేదు.

పద్మకుమారి చేతిలో కొత్తచీర ఉంది. అది మంచం మీద పెట్టింది. బాడీ తీసింది. సూదిలో తెల్లదారం ఎక్కించి, రెండూ కలిపి ముందుకి చాచింది.

"పిన్నీ, దీనికి కొక్కెం లేదు. కొంచెం కుట్టి పెడతావా? కొక్కెం ఎక్కడైనా ఉందేమో సూడాలి."

కూర్మమ్మ బాడీ వైపు చూసింది. సూది అందుకుంది, కుడిచేత్తో. నలుగురిలో కుడిచెయ్యి వాడడం నేర్చుకున్న మనిషి ఎలా అందుకుంటుందో అలా. కింద కూర్చుంది. తర్వాత, చాలా నిదానంగా, సూది ఎడమచేతిలోకి మార్చుకుంది.

కొక్కెం వెతకమని అడగలేదు. పమిట కొంగు చివర ముడి ఒకటి ఉంది. ఆ ముడి విప్పింది. పాతముడి, గోళ్లతో విప్పాల్సొచ్చింది. అందులోంచి ఒక చిన్న ఇత్తడి కొక్కెం అరచేతిలో పడింది.

కుట్టింది. ప్రతి కుట్టూ ఎడమకి వాలింది. చివర రెండుసార్లు దారం తిప్పి ముడేసి, పంటితో తెంపింది.

"ఊడింది కాదమ్మా ఇది," అంది తలెత్తకుండా. "నానే కోసీసినాను. మూడేళ్లయింది ఇందులో పెట్టి. నోటితో సెప్పనని నానూ ఒట్టేసినాను గాని, సూదితో సెప్పనని ఎయ్యలేదు. నువ్వు కుట్టుపంతులమ్మవి గదా, ఏదో ఒక ఏడు ఇప్పుతావు, సూస్తావు, కొక్కెం కుట్టమంతావు అని."

పద్మకుమారి ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చుండిపోయింది. చెయ్యి చాచి ఆ ఎడమచేతి వేళ్లు పట్టుకుంది. చూపుడువేలి కొనమీద సూదిపోట్ల కాయ ఉంది. తన కుడి చూపుడువేలి మీదా అలాంటిదే ఉంది.

గుమ్మంలో నరసింగరావు గారు నిలబడి ఉన్నారు. చేతిలో నీళ్లచెంబు. ఆయన చూపు వాళ్లిద్దరి మధ్య నేలమీద, ఏ తువ్వాలూ పేపరూ లేకుండా, వెల్లకిలా పడి ఉన్న బాడీ మీద ఉంది. ఆయన చూపు తిప్పుకోలేదు.

వంటింట్లోంచి దాలమ్మ కేకేసింది. "విస్తరేసీసినాను. పొద్దెక్కిపోతన్నాది గుంటా. పోయినదాని పేరు సెప్పి ఆ నీళ్లొదిలీ."

పద్మకుమారి లేచి తండ్రి చేతిలోంచి చెంబు తీసుకుంది. తల్లి చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ చేతిని అలాగే పట్టుకుని విస్తరి దాకా నడిచింది. కొత్తచీర మంచం మీదే ఉండిపోయింది. పీట ముందు ఆగి, వీధికి వినపడేంత గట్టిగా, పోయిందని కాక వచ్చిందని, లక్ష్మణమ్మ పేరు చెప్పడానికి నోరు తెరిచింది.